ఒక గుమ్మం తేడా

మా ముందు గది, కిటికీ పక్క బల్ల

తమ్ముడికి,

మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే ఇంట్లో మిగతావాళ్ళు తలుపులు వేసుకోవాల్సి వస్తోందట. అందుకని మీ వదిన ఫోను లాక్కుని కాగితం, కలం నా చేతికిచ్చింది. కాగితం మీద ఎంత అరిచినా పక్కింటికి వినపడదు. నువ్వూ అలాగే రాయి. ఒక అల్లుడితో సరిపెట్టుకోకుండా మామగారు ఇద్దర్ని తెచ్చుకున్నారు కాబట్టి మనం ఒకరినొకరం భరించక తప్పదు.

సంగతేమిటంటే, మామగారు మా ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ కుర్చీలోంచి లేవడం లేదు. చూపు పూర్తిగా పోయింది. కాలికి బలపం కట్టుకుని ఊళ్ళూ పొలాలూ కొలిచిన సర్వేయరు పొద్దస్తమానం గోడవైపు తిరిగి కూర్చుంటున్నారు. చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకెళ్తానంటే, "నేనేం తోపుడుబండినా?" అంటారు. ఈ ఊరు ఆయనకి కొత్త. తాను కొలవని ఊళ్ళో అడుగుపెట్టరట. మీ వదిన వంటింట్లో కళ్ళు తుడుచుకుంటోంది. అడిగితే ఉల్లిపాయలంటోంది. ఆ పూట వంటలో ఉల్లిపాయే ఉండదు.

ఉపాయం మీ వదినదే. మా వీధిని చెక్క పలక మీద చెక్కితే, ఆయన వేలితో తడిమి చదువుకుంటారని. వీధి ఒక గాడి, గుమ్మాలు గాడికి అటూ ఇటూ గంట్లు. నువ్వు మేడ మీద ఏదో మిషను కట్టావటగా, కంప్యూటరు చెబితే తనంతట తానే చెక్కేది. మీ ఆవిడ దాని ఫోటో పంపింది. కిటికీకి జ్వరమొచ్చి మంచం పట్టినట్టుంది. అది నిజంగా చెక్కుతుందా, చెక్క మీద గోక్కుంటుందా? నిజం రాయి.

మీ అన్నయ్య


మేడ మీద గది, చెక్కపొట్టు మధ్య

పెద్దల్లుడు అన్నగారికి,

మీ ఉత్తరం చేరింది. అందులోని తిట్లన్నీ భద్రంగా ఉన్నాయి, దారిలో ఒక్కటీ పడిపోలేదు.

కిటికీ అన్నారు. నిజమే, అది కిటికీయే. పాత అల్యూమినియం చట్రాలు విప్పి కట్టాను. మోటార్లు చచ్చిపోయిన ప్రింటర్లవి. బల్లను అటూ ఇటూ నడిపే పొడవాటి స్క్రూ కడ్డీ ఇనుప సామాన్ల కొట్లో అడిగినంత కోసిచ్చే రకం. పగలంతా దుకాణంలో ఫోటోలకు ఫ్రేములు బిగించేవాడు సాయంత్రం మేడెక్కి ఇంతకన్నా ఏం కడతాడు? పంపుల కార్ఖానాలో, పనిముట్లు తయారుచేసే టూల్‌రూముకి ఇన్‌చార్జిగా వెలుగుతున్నవారికి నవ్వులాటగానే ఉంటుంది. మీరు కొలిస్తే వెంట్రుక కూడా నిటారుగా నిలబడుతుందని వదిన చెబుతూ ఉంటుంది. మా ఆవిడ ఆ మాట నాకు రోజూ వడ్డిస్తుంది.

చెక్కుతాను. అయితే అది వదిన ఉల్లిపాయల కోసం. మామగారి సంగతి మనలో మాట: ఆయనకి చూపు పోయింది కానీ తప్పులు పట్టే కన్ను ఇంకా రెప్ప వెయ్యలేదు. నా పెళ్ళి ఫోటో చూసి, అందరి ముందూ, "పిల్ల నిటారుగానే ఉంది, పెళ్ళికొడుకే ఎడమకి ఒరిగాడు" అన్న మనిషి. ఇప్పటికీ ఆయన ఎదురుగా కూర్చుంటే మెడ పట్టేసి లేస్తాను. ఆయన మీ ఇంట్లో ఉండడం మీ అదృష్టం. మా ఇంట్లో లేకపోవడం నాది.

వీధి కొలతలు పంపండి. టేపు ఎలా పట్టుకోవాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

మీ తమ్ముడు


మా ముందు గది

తమ్ముడికి,

కొలతలు ఇందులోనే పెట్టాను. అవి తియ్యడానికి నేను పడ్డ పాట్లు పగవాడికీ వద్దు. టేపు పట్టుకుని గుమ్మం గుమ్మం దగ్గరా వంగుతుంటే, రోడ్డు వెడల్పు చేస్తున్నారనే పుకారు నాకన్నా ముందు నడిచింది. సైకిలు షాపువాడు కుర్చీ వేసి, టీ తెప్పించి, "సార్, మా మెట్టు ఒక్కటీ వదిలేయండి" అన్నాడు. సెలూన్ అతను మాత్రం తన గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. మామగారి కోసమని చెబితే ఒక్కడూ నమ్మలేదు.

ఇప్పుడు అసలు మాట. నువ్వు పోయినసారి మాకు పంపిన గోడగడియారం నీ మిషను చెక్కిందేగా? దాని ముఖం గుండ్రం కాదు. నాలుగు పక్కలా చిన్న చిన్న మెట్లున్నాయి. అంటే నీ కిటికీలో బ్యాక్‌లాష్ ఉంది. మా కార్ఖానాలో దాన్ని 'ఆట' అంటాం. స్క్రూ ఒకవైపు తిరిగినంతసేపూ నట్టు బుద్ధిగా వెంట వస్తుంది. తిరుగు దారి పట్టగానే స్క్రూ కాస్త ఊరికే తిరిగి, ఆ తర్వాత గానీ నట్టును పట్టుకోదు. ఆ కాసేపు బల్ల కదలదు. కంప్యూటరు మాత్రం కదిలిందనే అనుకుంటుంది. అక్కడ నుంచి చెక్కిందంతా పక్కకి జరుగుతుంది. ముందు ఆ ఆట కట్టించు. తర్వాతే మా వీధి మీద చెయ్యి వెయ్యి.

మీ అన్నయ్య


మేడ మీద గది

అన్నగారికి,

పలక ఈ ఉత్తరంతోనే వస్తోంది. మెడలో వేసుకోవడానికి పట్టీ మీ మరదలు కుట్టింది.

మీ ఉపన్యాసం చదివాను. గడియారం ముఖం మీద వెంట్రుకవాసి మెట్టుంటే టైము ఆగిపోయిందా? ఇది కొయ్య, మీ పంపుల కార్ఖానా షాఫ్టు కాదు. మిషను వెళ్ళేటప్పుడు వీధికి ఎడమవైపు గుమ్మాలు చెక్కింది, వచ్చేటప్పుడు కుడివైపువి చెక్కింది. కూత కూయకుండా, మొరాయించకుండా ఒక్క ఊపులో ముగించింది. నేను నా వేలితో తడిమి చూశాను. నున్నగా, ముద్దుగా ఉంది.

టూల్‌రూము వారు మరీ పట్టి పట్టి చూడకుండా మామగారి చేతికివ్వండి. ఆయన తిడితే రాయండి. పొగిడితే, ఒంట్లో బాగా లేదేమో కనుక్కోండి.

మీ తమ్ముడు


మా ముందు గది

తమ్ముడూ,

మామగారి మీసం పోయింది.

మొదట్నుంచీ చెబుతాను. పలక అందగానే ఆయన మొహం గోడవైపు నుంచి ఇటు తిరిగింది. ఒడిలో పెట్టుకుని రోజంతా తడిమారు. మీ వదిన ఒక్కో గంటు దగ్గరా ఇది మందుల షాపు, ఇది టైలరు, ఇది లైబ్రరీ అని చెప్పింది. లైబ్రరీలో ఒకతను అడిగినవాళ్ళకి పేపరు పైకి చదివి పెడతాడు. మర్నాడు పొద్దున్నే మామగారు చొక్కా మార్చుకుని, పలక మెడలో వేసుకుని, కర్ర అడిగారు. వెంట ఎవరూ రాకూడదన్నారు.

ఎడమ పక్క గోడ పట్టుకుని వెళ్ళారు. ఎడమ గుమ్మాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. సైకిలు షాపు సుత్తి చప్పుడు వినగానే ఆగారు. నీ పలక ప్రకారం దానికి సరిగ్గా ఎదురు గుమ్మం లైబ్రరీ. మా వీధిలో సైకిళ్ళు తప్ప బళ్ళు రావు. నేరుగా దాటి లోపలికి వెళ్ళి కూర్చున్నారు. అది సెలూన్. లైబ్రరీ దాని ఇవతలి గుమ్మం.

మెడకి గుడ్డ కట్టగానే ఆయనకి తెలిసిపోయిందట. కానీ సర్వేయరు కదా, తప్పు చోటికి వచ్చానని నోటితో ఎలా అంటారు? సెలూన్ అతను, "మీసం కూడానా పెద్దాయనా?" అని అడిగితే, "మరి అందుకేగా వచ్చింది!" అన్నారట.

ఇంటికొచ్చిన మనిషిని చూసి మీ వదిన ఎవరో చందాకి వచ్చారనుకుని తలుపు సగమే తీసింది.

ఇంకో సంగతి ఇప్పటిదాకా నీకు చెప్పలేదు. ఫోను లాక్కోవడం ఉత్తినే. ఫోన్లో అయితే ఒకవైపు మాటే వినపడుతుందని, ఉత్తరమైతే ఇద్దరి తిట్లూ వినొచ్చని మామగారే పెట్టించిన ఏర్పాటు ఇది. నీ ఉత్తరాలు మీ వదిన ఆయనకి పైకి చదువుతోంది. పెళ్ళి ఫోటో ముక్క రెండుసార్లు చదివించుకున్నారు. ఆయన మాటలు ఆయన చెప్పినట్టే కింద రాస్తున్నాను.

"చిన్నల్లుడికి. ఫోటోలో నువ్వు ఒరిగావు. ఆ మాట మీద ఇవాళ్టికీ నిలబడతాను. నీ పలకలో ఎడమ వీధి నిజం, కుడి వీధి అబద్ధం. సగం అబద్ధం చెప్పే మనిషి కన్నా పూర్తిగా చెప్పేవాడు నయం. మళ్ళీ చెక్కు."

మీ అన్నయ్య


మేడ మీద గది

పూజ్యులైన మామగారి దివ్య సముఖానికి, గౌరవనీయులైన అన్నగారికి, అన్నపూర్ణ లాంటి వదినగారికి,

మామగారి కృపవల్ల మేమంతా కుశలం. ఆయన పాండిత్యం, ఓర్పు, మృదుభాషణం తలుచుకోని రోజు లేదు. ఇదివరకటి ఉత్తరాల్లో ఎక్కడైనా కలం జారి ఉంటే, అది కలం దోషమే. సదరు కలాన్ని పారవేశాను. పలకలోని లోపం వెంటనే సవరించగలనని సవినయంగా మనవి.

[రెండో కాగితం. అన్నగారికి మాత్రమే. పైకి చదవకూడదు.]

ఎంత పని చేశారండీ! అడుగు కింద గొయ్యి తవ్వి, పైన చాప పరిచి, ఆ చాప మీద నన్ను డాన్సు చెయ్యమన్నారు. తెలిస్తే ఆ ముక్క రాసేవాణ్ణా? కనీసం అక్షరాలు గుండ్రంగా అయినా రాసేవాణ్ణి.

మీరు చెప్పిందే అయింది. ఇక్కడ ఇంకో చెక్క మీద చెక్కి చూశాను. వెళ్ళేటప్పుడు చెక్కినవి కచ్చితం. తిరుగు దారిలో చెక్కిన కుడివైపు గుమ్మాలన్నీ ఒక్కో గుమ్మం ముందుకి జరిగాయి. అంత ఆట ఉందని కలలో కూడా అనుకోలేదు. అయినా బెంగ లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి ఉంది. ఎంత ఆట ఉందో అందులో వేస్తే, తిరిగినప్పుడల్లా కంప్యూటరే అంత ఎక్కువ తిప్పుతుంది. స్పానరు ముట్టుకోకుండా, చేతికి జిడ్డు అంటకుండా పని అయిపోతుంది. మీ కాలం వేరు, మా కాలం వేరు.

మీ తమ్ముడు


మా ముందు గది

తమ్ముడికి,

మీ వదిన రెండో కాగితమే ముందు చదివింది. పైకి చదవకూడదని రాస్తే ఆడవాళ్ళెవరైనా ఆగుతారా? మామగారికి చాప మీద డాన్సు బాగా నచ్చింది. మొదటి కాగితం మాత్రం సగంలో ఆపించారు. అంత తీపి తనకి పడదన్నారు.

సాఫ్ట్‌వేర్‌లో సర్దుతావా? తాగి తూలేవాడి కోసం రోడ్డునే వంకరగా వేస్తావన్నమాట. వాడు రోజూ ఒకేలా తూలితే సరే. కత్తి మెత్తటి కొయ్యలో ఉన్నప్పుడు ఒక ఆట, ముడి తగిలినప్పుడు ఇంకో ఆట. నీ గడిలో ఏ అంకె వేస్తావు?

నట్టే మార్చాలి. ఒకటి కాదు, రెండు నట్లు పక్కపక్కన వేసి, మధ్యలో స్ప్రింగు పెట్టు. స్ప్రింగు రెండింటినీ చెరోవైపుకీ నెడుతూ ఉంటుంది. ఒకటి స్క్రూ మరను ఈ పక్కన ఆనుకుంటే, రెండోది ఆ పక్కన ఆనుకుంటుంది. ఇక ఊరికే తిరగడానికి సందుండదు. కంచు నట్లు రెండు పంపుతున్నాను. స్వయంగా మా టూల్‌రూము లేత్ మీద, నా చేతులతో మర కోసినవి. వాటి నునుపు చూసి కాస్త నేర్చుకో.

మామగారు మళ్ళీ గోడవైపు తిరిగారు. మీసం మొలిచేదాకా గడప దాటరట. నవ్వులాటకి రాస్తున్నాను కానీ, ఆ కాసేపు ఆయన వీధిలో ఒంటరిగా నడిచిన నడక నువ్వు చూడాల్సింది.

మీ అన్నయ్య


మేడ మీద గది

మామగారికి, వదినకి, మరీ ముఖ్యంగా టూల్‌రూము ఇన్‌చార్జి గారికి,

వదినా, గొంతు సవరించుకుని చదువు. ఇవాళ్టి ఉత్తరంలో సరుకుంది.

అన్నగారి కంచు నట్లు బిగించాను. స్ప్రింగు గట్టిగా వేస్తే మోటారు కుయ్యోమని మొత్తుకుని, తిరగాల్సినంత తిరగకుండా అడుగులు మింగేసింది. ఊరు కుంచించుకుపోయింది. మీ వీధి టైలరు కొట్టు దగ్గరే అయిపోయింది. మెత్తటి స్ప్రింగు వేశాను. మోటారు నోరు మూసింది. కానీ ఆట అలాగే ఉంది! వారం పాటు ఆ నట్లను విప్పుతూ బిగిస్తూ నా వేళ్ళు వాచిపోయాయి.

చివరికి మీ మరదలు టీ తెచ్చి, గ్లాసు పెట్టడానికి చోటు లేక, చేత్తో బల్లని పక్కకి నెట్టింది. "ఏమండీ, బల్ల తోస్తే ఈ కడ్డీ మొత్తం ముందుకి వస్తోందేంటి?" అంది. స్క్రూ కడ్డీ కొస మీద వేలు పెట్టి చూశాను. బల్లని లాగితే లోపలికి, తోస్తే బయటికి. కడ్డీ చివర బేరింగు దగ్గర బిగింపు నట్టు వదులై, స్క్రూ మొత్తం తన గూట్లోనే ఊగుతోంది! పాపం కంచు నట్లు ఏం చేస్తాయి? రోగం కాలికి, కట్టు తలకి. ఈ కట్టు కట్టించిన వైద్యుడెవరో నేను చెప్పను.

ఆ వైద్యుడి గురించే ఇంకో ముక్క. నట్లు వచ్చిన అట్టపెట్టె అడుగున ఒక స్టిక్కరు ఉంది. ఏదో హార్డ్‌వేర్ షాపు పేరు, సైజు, 'ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని. అన్నగారూ, మీ చేతులతో మర కోశారన్నారు. ఆ చేతులు షాపు కౌంటరు దాకానే వెళ్ళినట్టున్నాయే! టూల్‌రూములో లేత్‌లకి సెలవిచ్చారా? మామగారూ, సగం అబద్ధం నాది సరే. ఇది ఎంతవంతు అబద్ధమో మీరే కొలిచి చెప్పండి.

మీ చిన్నల్లుడు


కార్ఖానా స్టోర్సు, కిటికీ దగ్గర

చిన్నల్లుడు గారికి,

మీ ఉత్తరం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికే మా ఇంట్లో చదవడం అయిపోయింది. మీ వదిన నవ్వుతూ మొదలుపెట్టిందట. స్టిక్కరు దగ్గరికి వచ్చాక నవ్వలేదు.

మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. అవును, లేత్‌లకి సెలవిచ్చారు. టూల్‌రూము మూసి ఏడాది కావస్తోంది. ఇప్పుడు పనిముట్లు బయటి నుంచే తయారై వస్తున్నాయి. లేత్‌లని గొలుసులు కట్టి లారీ ఎక్కించారు. నన్ను ఈ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. చేతి తొడుగులు, సబ్బులు, చీపుళ్ళు ఇస్తాను. సంతకం పెట్టించుకుంటాను. ఇంట్లో చెప్పలేదు. రోజూ పొద్దున్న మైక్రోమీటరు పెట్టె సంచీలో పెట్టుకునే బయల్దేరేవాణ్ణి. సబ్బుల మందం కొలవడానికని అనుకోండి.

మామగారు కుర్చీని గోడకి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నారు. 

ఇకమీదట మీ మిషను సంగతి మీరే చూసుకోండి.

ఇట్లు


దుకాణం వెనక గది

అన్నయ్యా,

ఈ ఉత్తరం మీ స్టోర్సు కిటికీకి పంపుతున్నాను. దీన్ని ఎవరూ పైకి చదవరు.

ఆ స్టిక్కరు ముక్క మీకోసం రాయలేదు. వినేవాళ్ళ కోసం రాశాను. మామగారు నవ్వుతారనుకున్నాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి మీ మీద గెలిచానని అనిపించుకోవాలని. మా ఆవిడ నాలుగు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. కంచం మాత్రం పెడుతోంది, చప్పుడయ్యేలా.

బతిమాలడం నాకు చేతకాదు. ఉన్న మాట రాస్తాను. బేరింగు బిగింపు నట్టు నేనే బిగించాను. వదులుగా ఉంటే కడ్డీ ఊగుతోంది. గట్టిగా బిగిస్తే బేరింగు పట్టేసి కడ్డీ తిరగనంటోంది. ఆ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో నా చేతికి తెలియడం లేదు. వీడియోలు చూశాను. అందులో అందరూ "సరిపడా బిగించండి" అంటారు. ఆ సరిపడా ఏ షాపులోనూ అమ్మరు. అది మీ మణికట్టులో ఉంది. దాన్ని ఎవరూ లారీ ఎక్కించలేదు కదా.

స్టోర్సులో రెండు రోజులు సెలవు పెట్టండి. మీరు లేకపోతే వాళ్ళకి సబ్బు దొరకదంటే మాత్రం చెప్పండి, ఇక్కడి నుంచి నేను పంపుతాను.

రండి. తిట్లు తిట్టడానికైనా రండి.

మీ తమ్ముడు


మేడ మీద గది, ఊడ్చాక

అన్నయ్యకి,

మీరు బస్సెక్కి వెళ్ళి రోజయింది. ఇల్లు తుఫాను వెలిసినట్టుంది. మీరు మిషను విప్పి నట్లూ బోల్టులూ మా భోజనం కంచాల్లో పేర్చారు. వాటి జిడ్డు వదలక మేము ఇవాళ విస్తరి కోసం వెతుక్కుంటున్నాం. మీ మరదలు ఒక్క మాటా అనలేదు. అదే పని నేను చేసి ఉంటే ఈపాటికి మిషను వీధిలో ఉండేది.

నేను నాకు తెలిసిందంతా చెబుతూనే ఉన్నాను, మీరు "ఊ" అంటూనే ఉన్నారు. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని కడ్డీ కొస మీద పెట్టి, "నోరు మూసుకుని వేలితో విను" అన్నారు చూడండి, ఆ ఒక్కమాట కోసం పిలవొచ్చు మిమ్మల్ని. బిగింపు నట్టు మీద మీ స్పానరు పీపాలో నీళ్ళు తొణక్కుండా తిప్పినట్టు తిరిగింది. "ఇదిగో ఇక్కడ" అన్నారు. కడ్డీ ఊగడం ఆగింది. చేత్తో తిప్పితే మాత్రం వెన్నలా తిరిగింది. మిగిలిన ఇసుమంత ఆటని మీ రెండు నట్లూ, స్ప్రింగూ మింగేశాయి. షాపు నట్లే అయినా మంచివేనండీ, ఒప్పుకున్నాను.

అప్పుడు మీరు, "ఇంకా సున్నా కాలేదు. అయినా చాలు. ప్రతి గంటునీ ఒకే వైపు నుంచి వచ్చి చెక్కమను. అప్పుడు మిగిలిన ఆట ఏ వంకా పెట్టలేదు" అన్నారు. తిరుగు దారిలో ప్రతి గుమ్మాన్నీ కాస్త దాటించి, వెనక్కి రప్పించి చెక్కించాం. అటు చూస్తూ నిలబడ్డప్పుడు మీరు పైకి వినపడేలా ఈల వేశారు. మీకు ఈల వేయడం వచ్చని ఇన్నేళ్ళలో నాకు తెలియదు. వదినకి తెలుసా?

మా వీధి చివర తాళాల దుకాణం ఆయన వచ్చి చూసి, "ఈ బిగింపు ఎవరు చేశారు?" అన్నాడు. అబద్ధం ఆడదామనుకున్నాను. నోట్లోంచి నిజమే వచ్చింది. ఆయనకీ మీ చేతితో పనుందట. ఇంకా ఇద్దరు మిషను పిచ్చివాళ్ళున్నారు ఇక్కడ, నాలాంటివాళ్ళే, కిటికీలు విప్పుకున్నవాళ్ళు. వాళ్ళకి మీ అడ్రసు ఇచ్చాను. తిట్టకండి. లేదా తిట్టండి, అలవాటే.

పలక జాగ్రత్తగా చేర్చారని తెలిసింది. బస్సులో ఒడిలో పెట్టుకున్నారట కదా, పక్క సీటాయన పసిపిల్లేమో అనుకుని జరిగి కూర్చున్నాడని వదిన ఫోన్లో చెప్పింది.

మీ తమ్ముడు


మా వరండా మెట్ల మీద

తమ్ముడికి,

మామగారు బయటికి వెళ్ళారు. ఆయన వచ్చేదాకా చేతులు ఊరుకోవడం లేదు, అందుకని రాస్తున్నాను.

కొత్త పలక ఒడిలో పెట్టగానే కుడివైపు మొదలుపెట్టి ఒక్కో గంటునీ గోటితో గీకారు. చివరికొచ్చాక, "ఇద్దరూ కలిసి చేశారు కదూ" అన్నారు. ఎలా తెలిసిందని మీ వదిన అడిగితే, "ఒక్కడు చేస్తే ఇంత బుద్ధిగా ఉండదు" అన్నారు. స్టోర్సు గురించి ఇవాళ్టికి కూడా నన్నేమీ అడగలేదు. కానీ నిన్న కుర్చీ కాలు ఊగుతోందని నన్ను పిలిచి, "నీ చేత్తో బిగించు. వేరేవాళ్ళు వద్దు" అన్నారు. కుర్చీ కాలు ఊగడం లేదు తమ్ముడూ. నేను చూశాను. అయినా బిగించాను.

ఆ తాళాల దుకాణం ఆయన ఉత్తరం రాశాడు. నువ్వు నా గురించి ఏం కోతలు కోశావో గానీ, నన్ను 'గురువుగారూ' అన్నాడు. మీ వదిన దాన్ని మూడిళ్ళకి చదివి వినిపించింది. వచ్చే ఆదివారం వస్తానని రాశాను.

మీసం వేళ్ళకి తగులుతోందని నిన్న మామగారు లైబ్రరీకి వెళ్ళి వచ్చారు. సరిగ్గా వెళ్ళారు. పేపరు పూర్తిగా విన్నారు. నేను కాస్త దూరంలో వెనకాలే నడిచానులే. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని అన్నారు, "ఎవడో దారి పొడుగునా నా వెంట వచ్చాడు. కుడికాలి చెప్పు కిర్రుమంటోంది. వాడికి వేరే పనేం లేదేమో చూడు." అందుకే ఇవాళ వెళ్ళలేదు. ఈ మెట్ల మీద కూర్చున్నాను.

రావాల్సిన వేళ దాటింది. మీ వదిన రెండుసార్లు గేటు దాకా వచ్చి వెళ్ళింది. మూడోసారి వచ్చి చెప్పులు వేసుకోమంది. వేసుకున్నాను. ఇంకా లేవలేదు. నీ బిగింపు మీద, అంటే మన బిగింపు మీద నమ్మకం ఉంది కాబట్టి లేవలేదు. లేచి వెళ్తే ఆయన ఇంకోసారి మొహం గోడకి తిప్పుతారనే భయమూ ఉంది.

కర్ర చప్పుడు. ఆగు.

వచ్చారు. చెమట పట్టి, చెప్పులకి మట్టి కొట్టుకుని. మట్టి మా వీధిలో లేదు. "ఎక్కడికెళ్ళారు మామగారూ?" అన్నాను. పలక తీసి నా చేతికిచ్చి, దాని చివరి అంచు మీద వేలితో తట్టారు.

"ఇక్కడితో చెక్క అయిపోయింది. వీధి అయిపోలేదు. అటు తిరిగితే ఇంకో సందుంది. ముందు పిండిమర, తర్వాత ఎవరిదో కుక్క ఉన్న ఇల్లు, ఆ పక్కన మొండిగోడ. ఇలా నోరు తెరుచుకుని చూస్తావేం? కూర్చో. రాసుకో."

కూర్చుని రాసుకుంటున్నాను తమ్ముడూ. కాగితం వెనకవైపుకి వచ్చేశాను. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నారు.

మీ అన్నయ్య